ఖాళీ ఇళ్ల బావగారు

బావగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. సెలవులొస్తే చాలు, చుట్టాలందరినీ పోగేసి విందు చేస్తాడు. అందులో పిచ్చేముంది, మంచి గుణమే కదా అంటారేమో. ఆ విందు ఆయన తన ఇంట్లో చెయ్యడు. అమ్మకానికి పెట్టిన ఖాళీ ఇంట్లో చేస్తాడు.

ఇళ్లు అమ్మిపెట్టడం, కొనిపెట్టడం ఆయన వృత్తి. నడుముకి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది. అందులో సొంత ఇంటి తాళంచెవి ఏదో ఆయనకే తెలియదు. గుమ్మం ముందు నిలబడి ఒక్కొక్కటే పెట్టి చూస్తుంటే, లోపలి నుంచి భార్య విసుక్కుంటూ వచ్చి తలుపు తీస్తుంది. ఎవరికి ఏ వరసైనా చుట్టాల్లో చాలామంది ఆయన్ని బావగారనే పిలుస్తారు. నిజంగా ఆ వరస ఉన్నవాడు ఒక్కడే, ఆయన భార్య తమ్ముడు. బావగారి పిచ్చికి అందరికంటే ఎక్కువగా బలైపోయిన జీవి కూడా ఈ బావమరిదే.

"ఖాళీ ఇల్లు ఇంటర్వ్యూకొచ్చిన మనిషి లాంటిదయ్యా," అనేవాడు బావగారు. "ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అడిగినదానికల్లా చిత్తం అంటుంది. పది మంది చుట్టాలు దిగబడి, పిల్లలు పరిగెత్తి, ఒకళ్లిద్దరు అలిగితే, అప్పుడు బయటపడుతుంది దాని అసలు రంగు. అది చూడకుండా ఎవరికైనా ఎలా అంటగట్టను?"

ఇళ్ల యజమానులు కూడా కాదనేవాళ్లు కాదు. ఊడ్చి, తుడిచి, బూజు దులిపి, కారే కుళాయిలు బాగుచేసి అప్పగిస్తానంటే ఎవరికి చేదు? అందుకని సెలవు దగ్గరపడుతుంటే చుట్టాలు ఫోన్లు చేసి అడిగే ప్రశ్న ఒక్కటే. "బావగారూ, ఈసారి ఎవరింట్లో?" "ఇంకా ఎవరిదీ కాదు, అందుకే మన ఇల్లనుకోండి," అనేవాడాయన.

ఒకసారి బావగారి చిన్నాన్న ఫోన్ చెయ్యడం మర్చిపోయి, కిందటి సెలవుకి వెళ్లిన ఇంటికే వెళ్లిపోయాడు. అది అప్పటికే అమ్ముడైపోయింది. కొత్తగా కాపురానికొచ్చిన మొగుడూ పెళ్లాలు తలుపు తీశారు. చిన్నాన్న చెప్పులు విప్పి, హాల్లో కూర్చుని, "ఇంకా ఎవరూ రాలేదా?" అన్నాడు. ఆ మొగుడు ఈయన తన భార్య తరఫు చుట్టమనుకున్నాడు. ఆ భార్య తన మొగుడి తరఫు చుట్టమనుకుంది. ఇద్దరూ ఒకళ్లని మించి ఒకళ్లు మర్యాదలు చేశారు. చిన్నాన్న సుష్టుగా భోంచేసి, ఓ కునుకు తీసి, సాయంత్రం టీ తాగి వచ్చి, "ఈసారి విందు బాగుంది బావగారూ, జనం తక్కువైనా," అన్నాడు.

పెద్దమ్మ సంగతి ఇంకో రకం. ఈవిడ బావగారి అత్తగారికి స్వయానా అక్క. ఓ సెలవునాడు ఆవిడ బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. మళ్లీ తీద్దామంటే గడియ ఊడి చేతికొచ్చింది.

"అల్లుడూ! ఓ అల్లుడూ! తలుపు రావడం లేదయ్యా!"

బావగారు ఎగిరి గంతేశాడు. "దొరికిందీ! బాత్రూం గడియ! నేను అనుకుంటూనే ఉన్నాను, ఈ ఇంట్లో ఏదో లోపం ఉండి తీరాలని!" అంటూ యజమానికి ఫోన్ కలిపి, ఆ ఫోన్ తలుపుకి ఆనించి పట్టుకున్నాడు. "వింటున్నారా అండీ? మా అత్తయ్యగారు. అత్తయ్యగారూ, ఇంకాస్త గట్టిగా అరవండి, ఆయనకి సరిగ్గా వినపడడం లేదట."

"ఓరి నాయనో, నన్ను బయటికి తియ్యవయ్యా ముందు!"

"తీస్తానండీ, ఆయన కొత్త గడియ పెట్టిస్తానని మాట ఇవ్వగానే తీస్తాను."

ఆ మాట వచ్చేదాకా తియ్యలేదు. పెద్దమ్మ బయటికొచ్చి అల్లుడితో మాట్లాడనని ఒట్టేసుకుంది. భోజనాల దగ్గర ఆయనే స్వయంగా వడ్డించేసరికి ఒట్టు తీసి గట్టు మీద పెట్టింది.

సగం భోజనాల్లో ఇల్లు చూడ్డానికి కొనేవాళ్లు రావడం కూడా మామూలే. చుట్టాలంతా దుప్పట్ల మీద బాసింపట్లు వేసుకుని తింటుంటే, బావగారు వాళ్ల మధ్య నుంచి అడుగులో అడుగేసుకుంటూ చూపించేవాడు. "ఈ మూల చూడండి. మా చిన్నాన్నగారు కూర్చున్నారు చూశారా, సరిగ్గా అక్కడ మీ బీరువా పడుతుంది. చిన్నాన్నా, ఒకసారి లేచి చేతులు చాపు. ఆఁ, తలుపులు తెరిస్తే అంతవరకూ వస్తాయన్నమాట."

చిన్నాన్న కలిపిన ముద్ద చేత్తో పట్టుకుని, బీరువా తలుపుల్లా చేతులు చాపి నిలబడేవాడు.

"వీళ్లు కూడా ఇంటితో పాటే వస్తారా?" అని అడిగాడో పెద్దమనిషి భయం భయంగా.

"అబ్బే, మాతోటే తీసుకెళ్లిపోతామండీ. మరీ ముచ్చటపడితే ఈయన్ని వదిలేసి వెళ్తాను."

ఇల్లు కావాలని వచ్చినవాళ్లని వేరే ఏజెంట్లు ఎన్ని గదులు కావాలని అడుగుతారు. బావగారు మాత్రం, "మీ హాబీ ఏంటండీ?" అని మొదలుపెట్టేవాడు.

"హాబీకీ ఇంటికీ ఏం సంబంధం?"

"నిద్ర ఎక్కడైనా పడుతుందండీ. హాబీకే ఇల్లు కావాలి."

ఓ ఆఫీసరుగారు గొంతు సవరించుకుని, "నేను పుస్తకాలు చదువుతాను," అన్నాడు. ఈమధ్య ఏం చదివారని అడిగాడు బావగారు. ఆయన పైకప్పు కేసి చూస్తుంటే పక్కనున్న భార్య అందుకుంది. "కరెంటు బిల్లు చదివారు. అదీ సగమే." బావగారు ఆయనకి టీవీ పెట్టుకోవడానికి మంచి గోడ ఉన్న ఇల్లు చూపించాడు. ఇంకో జంట మాకు హాబీలేం లేవన్నారు. ఆ మాట నువ్వెందుకు చెప్పావంటే నువ్వెందుకు చెప్పావని అక్కడే దెబ్బలాట మొదలెట్టారు. వాళ్లకి అటొకటీ ఇటొకటీ బాల్కనీలున్న ఇల్లు కుదిర్చాడు. ఇద్దరూ ఇప్పటికీ చెరో బాల్కనీలో నిక్షేపంగా ఉన్నారు.

ఇక బావమరిది దగ్గరికొద్దాం. అతనిది కళ్లజోళ్ల దుకాణం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడ మీది అక్షరాలు చదివిస్తూ, అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, అది బాగుందా?" అని మెల్లిగా అడిగే మనిషి. ఈగ వాలినా దాన్ని నొప్పించకుండా లేపుతాడు. అలాంటివాడికి ట్రంపెట్ వాయించే అలవాటు ఎలా అంటుకుందో మరి. బళ్లో చదువుకునే రోజుల్లో బ్యాండులో నేర్చుకున్నాడు. ఒకటిన్నర పాటలు వచ్చు. రెండో పాట సగంలోకి రాగానే ఎటు పోవాలో తెలియక ఆగిపోయేవాడు. ఆ ఒకటిన్నర పాటలూ కూడా బాగా వచ్చని ఎవరూ అనలేరు. కానీ దుకాణం కట్టేసి ఇంటికొచ్చి అది నోటికి ఆనించుకున్నాడంటే, ఆ మనిషి మొహంలో వెలుగు చూడాలి.

అద్దెకి ఉంటున్న మేడమీది భాగంలో ఆ వెలుగు ఎన్నాళ్లో నిలవలేదు. కింద ఉండే ఇంటాయన మెట్లెక్కి వచ్చి, "ఏమయ్యా, ఇది కాపురమా, సర్కసా?" అన్నాడు. అంతే, బావమరిది ట్రంపెట్‌ని దిండు గలీబులో దూర్చి అటకెక్కించేశాడు. ఆ తర్వాత దాని పేరెత్తలేదు. అతని భార్య మాత్రం చూస్తూనే ఉండేది. భోంచేస్తూ భోంచేస్తూ మనిషి ఎక్కడికో వెళ్లిపోయేవాడు. కుడిచేతి ముద్ద కంచంలోనే ఉండిపోయేది, ఎడంచేతి వేళ్లు మోకాలి మీద ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోయేవి.

ఇప్పుడా ఇంటాయన, కొడుక్కి కావాలి, పెద్ద సెలవులు అయ్యేలోపు ఖాళీ చెయ్యమన్నాడు. ఎన్నాళ్లనుంచో కూడబెట్టుకుంటున్నారు కాబట్టి సొంతిల్లే కొనుక్కుందాం అనుకున్నారు. బావమరిది మనసులో కోరిక ఒక్కటే. ఎవరూ వచ్చి సర్కసా అని అడగని ఇల్లు కావాలి. కానీ బూర కోసం ఇల్లు వెతుక్కుంటున్నాడని చుట్టాలకి తెలిస్తే, బతికున్నన్నాళ్లూ ఏడిపించుకు తింటారు. అందుకని బావగారితో, "రెండు గదులు, ఓ వంటిల్లు, షాపుకి దగ్గరగా," అని మాత్రమే చెప్పాడు.

"నీ హాబీ ఏంటి బావమరిదీ?"

"నాకే హాబీలూ లేవు బావా."

"లేవూ?"

"లేవు. ప్రశాంతంగా ఉంటే చాలు."

"ఓహో, ప్రశాంతంగా," అని బావగారు తాళాల గుత్తి సర్దుకున్నాడు.

మొదటి ఇల్లు చూడగానే బావమరిది మనసు పారేసుకున్నాడు. సందు చివర, చెట్టు నీడన, ముచ్చటైన ఇల్లు. పిట్ట ఎగిరితే రెక్కల చప్పుడు వినపడేంత నిశ్శబ్దం. ఇంత ప్రశాంతమైన చోట తను ఎంత ఊదుకున్నా అడిగేవాడుండడు అనుకున్నాడు అమాయకుడు. "ఇది ఖాయం చేసెయ్ బావా," అన్నాడు.

"సెలవులు రానీ. చుట్టాల్ని కూర్చోబెట్టి చూద్దాం."

అంతవరకూ బావగారి విందులు పద్ధతిగానే జరిగేవి. ఆయన ఓ మూల కూర్చుని గోడల చెమ్మా, గుమ్మాల వంకరా చూసుకునేవాడు. ఆ రోజు మాత్రం భోజనాలవగానే లేచి చప్పట్లు కొట్టాడు. "ఏంటీ, అందరూ ఇలా చప్పగా కూర్చున్నారు? పిల్లలూ, గెంతండి! చిన్నాన్నా, ఆ పళ్లెం వాయించు! అత్తయ్యగారూ, ఓ పాట అందుకోండి!"

"నేనా? నా గొంతు విని చాలా కాలమైంది అల్లుడూ."

"ఆ బెంగ ఈ రోజుతో తీరిపోవాలి. కానివ్వండి!"

పెద్దమ్మ అందుకుంది. చిన్నాన్న పళ్లెం సొట్టలు పడేలా వాయించాడు. పిల్లలు ఇల్లు పీకి పందిరేశారు. పాట రెండో చరణంలో ఉండగా పక్కింటాయన మడిచిన పేపరు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మర్యాదస్తుడే. "ఏమండీ, కాస్త…" అన్నాడు.

బావగారు పరుగున వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "రండి రండి! ఎంత మంచి పని చేశారండీ! మీకు ఏ గదిలోకి వినపడింది? కిటికీలు మూసినా వినపడుతోందా?"

"అన్ని గదుల్లోకీ వినపడుతోంది. నేను గోల తగ్గించమని…"

"తగ్గించేస్తాం, తప్పకుండా. టీ తీసుకుంటారా?"

ఆయన అయోమయంగా టీ తాగి వెళ్లాడు. బావగారు బావమరిది భుజం తట్టి, "ఈ ఇల్లు నీకు కాదు," అన్నాడు.

"ఎందుకు కాదు?"

"కాదంతే."

రెండో ఇంట్లోనూ అదే తంతు. పెద్దమ్మ పాట, చిన్నాన్న పళ్లెం, పిల్లల గెంతులు. ఈసారి పక్కింటావిడ రానే లేదు, చీపురు కర్ర తిరగేసి గోడ మీద దబదబ బాదింది. బావగారు గోడకి చెవి ఆనించి, మంచి వార్త విన్నవాడిలా తలాడించి, గోడకి దండం పెట్టాడు. "ఇదీ నీకు కాదు బావమరిదీ."

మూడో ఇంట్లో ఓ అమ్మాయి వచ్చింది. చేతిలో పుస్తకం, కళ్లకింద నలుపు. "అంకుల్, నాకు పరీక్షలున్నాయి," అంది ఏడుపు గొంతుతో. బావగారి మొహం పాలిపోయింది. అందరినీ ఒక్క చేసైగతో ఆపేశాడు. ఆ పూట మిగతా విందంతా సైగల మీదే నడిచింది. కూర కావాలంటే గిన్నె కేసి చూపించడం, చాలంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టడం. పెద్దమ్మకి తుమ్మొస్తే పెరట్లోకి పరుగెత్తి తుమ్మి వచ్చింది. వెళ్లేటప్పుడు అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు. ఆ ఇల్లు కూడా బావమరిదికి కాదట.

బావమరిదికి ఒళ్లు మండిపోయింది. సెలవులు అయిపోవస్తున్నాయి. కింద ఇంటాయన కొడుకు వచ్చి ఏ మంచం ఎక్కడ వేసుకోవాలో చూసుకుని కూడా వెళ్లాడు. జన్మలో గొంతు పెంచనివాడు ఆ రోజు పెంచాడు.

"నువ్వు నాకు ఇల్లు చూపించడం లేదు బావా, నా పేరు చెప్పి పిక్నిక్కులు చేస్తున్నావు! ఊళ్లోవాళ్లందరికీ ఇళ్లు కుదురుస్తావు. నా దగ్గరకొచ్చేసరికి ఇది కాదు, అది కాదు. రేపు సామాన్లు నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పొమ్మంటావు?"

"తొందరపడకు. నీ ఇల్లు ఇంకా దొరకలేదు."

"నా ఇల్లు నేనే చూసుకుంటాను!"

అన్నంత పనీ చేశాడు. టై కట్టుకున్న వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లాడు. అతను చుట్టాల్ని పిలవలేదు, హాబీ అడగలేదు. చక్కగా తాళం తీసి చూపించాడు. "ఇక్కడ మీ చేతిలోంచి చెంచా జారిపడినా వీధి చివరికి వినపడుతుంది సార్. అంత ప్రశాంతమైన ఏరియా. అందరూ పెద్దవాళ్లే, మధ్యాహ్నాలు నిద్రపోతారు."

కళ్లజోళ్లు అమ్మేవాడికి ఆ మాటలో ఏముందో కనపడలేదు. "భలే ఉంది, రేపు సాయంత్రం వచ్చి మాట ఇచ్చేస్తాను," అనేసి ఇంటికొచ్చాడు. భార్య అంతా విని, "మాట ఇచ్చేముందు అన్నయ్యగారికి ఒక్క ముక్క చెప్పండి. తర్వాత ఆయన బాధపడతారు," అంది.

అలకతోనే ఫోన్ చేశాడు. అవతల బావగారు తాళాల గుత్తి గలగలలాడించాడు. తర్వాత, "సరే, నీ ఇష్టం. రేపు ఆదివారం సెలవు కదా, ఓ ఇంట్లో భోజనాలు పెట్టుకున్నాను. తినేసి అటునుంచి అటే వెళ్లి మాటిచ్చుకో," అన్నాడు.

ఆ ఇల్లు చూసి బావమరిది మొహం చిట్లించాడు. గేటు తుప్పు పట్టింది. గోడల రంగు ఎండకి వెలిసిపోయింది. పక్కనే వడ్రంగి షెడ్డు, రెండింటికీ ఒకటే గోడ. సెలవు కాబట్టి మిషన్ కట్టేసి ఉంది గానీ, కిటికీ రెక్కల మీద రంపపు పొట్టు మందంగా పేరుకుని ఉంది. లోపల మాత్రం గదులు విశాలంగా ఉన్నాయి. అది ఒప్పుకోవడం ఇష్టంలేక, "దుమ్ము," అన్నాడు.

బావగారు అతన్ని పట్టించుకోలేదు. "ఊఁ, మొదలుపెట్టండి!" అన్నాడు. పెద్దమ్మ గొంతెత్తింది. ఈ సెలవుల్లో ఆవిడ గొంతు బాగా సాధన అయి ఉంది. చిన్నాన్న ఈసారి పళ్లెంతో పాటు గరిటె కూడా తెచ్చుకున్నాడు. పిల్లలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి రైలుబండి నడిపారు. ఎవరూ రాలేదు. బావగారు గేటు కేసి చూస్తూ, "చాలదు, ఇంకా!" అన్నాడు. పెద్దవాళ్లు కూడా లేచి గెంతారు. పైకప్పునుంచి సున్నం రాలింది.

గేటు కిర్రుమంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బుర్రమీసాల మనిషి ఒకడు, చేతులు దుంగల్లా ఉన్నాయి, గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. పక్క షెడ్డు వడ్రంగి మేస్త్రి. వెనకాల భార్య.

"ఏమండీ, ఏంటిది?" అన్నాడు మేస్త్రి.

బావగారు ఎదురెళ్లాడు. "కాస్త గోల ఎక్కువైంది…"

"గోల సంగతి కాదండీ. ఇంత సందడి పెట్టుకుని గోడ పక్కనున్నవాళ్లని పిలవద్దా? పైగా పెద్దావిడని నేల మీద కూర్చోబెట్టారు. కిటికీలోంచి చూసి మా ఆవిడ ఒకటే గొడవ." అని వెనక్కి తిరిగి, "తీసుకురావే," అన్నాడు. ఇద్దరూ కలిసి షెడ్డులోంచి కొత్త కుర్చీలు మోసుకొచ్చి హాలంతా వేశారు. కొన్నిటికి పాలిష్ కూడా ఆరలేదు.

బావగారు నుదుటి చెమట తుడుచుకుని వంటింట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక దిండు గలీబు ఉంది. బావమరిది ఆ గలీబుని చటుక్కున గుర్తుపట్టాడు. తన భార్య కేసి చూశాడు. ఆవిడ గిన్నెలు సర్దడంలో మహా తీరిక లేనిదైపోయింది.

"ఇది… నీకెలా తెలుసు బావా?"

"అటక చూడకుండా ఏ ఇంట్లోంచైనా బయటికొచ్చానా నేను? ఎప్పుడో చూశాను. హాబీ లేదన్నావు. బాగుంది, లేనట్టే వెతుకుదాం అనుకున్నాను. ఊదు."

"ఇంతమందిలోనా? నాకు సరిగ్గా రాదు బావా."

"నాకు వచ్చని పాడానేంట్రా?" అంది పెద్దమ్మ కొత్త కుర్చీలో సర్దుకుంటూ.

బావమరిది ఊదాడు. ఇన్నాళ్లు అటక మీద పడుకున్న ట్రంపెట్ మొదట దగ్గింది, తర్వాత బొంగురుగా కేకేసింది. పిల్లలు చెవులు మూసుకుని సంతోషంగా గిరగిర తిరిగారు. అతను కళ్లు మూసుకుని మొదటి పాట ఎలాగో గట్టెక్కించి, భయం భయంగా కళ్లు తెరిచాడు. మేస్త్రి మీసం మెలితిప్పుతూ తననే చూస్తున్నాడు.

"ఇది రోజూ ఊదుతారా?"

"అబ్బే, ఎప్పుడైనా… సాయంత్రాలు… తలుపులన్నీ మూసుకుని…"

"అలాగైతే కుదరదండీ," అన్నాడు మేస్త్రి. బావమరిది మొహం వాడిపోయింది. "రేపొచ్చి నా రంపం మోత వినండి. గోడ పట్టుకుంటే చేతులు జిల్లుమంటాయి. మీరు తలుపులు మూసుకుని ఎప్పుడో ఒకప్పుడు ఊదితే మీకే వినపడదు. రోజూ ఊదాలి, తలుపులు తీసి ఊదాలి."

అందరూ నవ్వారు, మేస్త్రి భార్య మాత్రం నవ్వలేదు. ఆవిడ బావమరిది భార్య దగ్గరికి వచ్చి, "ఈ ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్లందరూ మా మిషన్ విని పారిపోయారమ్మా. ఓ ఆయనైతే కొనకుండానే షెడ్డు మూయించేస్తానని వెళ్లాడు. పక్కన ఎవరు దిగుతారో, మా పని ఎక్కడ ఆగిపోతుందో అని మాకు తిండి సయించడం లేదు. మీరొచ్చెయ్యండి. మీ ఆయన ఎంతైనా ఊదుకోనివ్వండి, మేం ఒక్క మాటంటే ఒట్టు," అంది.

బావమరిదికి అప్పుడు ఒక్కొక్కటే అర్థమవసాగింది. పెద్దమ్మ పాటలు, చిన్నాన్న పళ్లెం, పేపరాయనకిచ్చిన టీ, గోడకి పెట్టిన దండం. అడ్డదిడ్డంగా వెతికింది తనే. బూర కోసం నిశ్శబ్దం వెతుక్కున్నాడు. రేపెప్పుడో చెంచా చప్పుడు వీధి చివరికి వినపడే చోట ట్రంపెట్ ఎత్తేవాడన్నమాట!

"బావా, నిన్ను చాలా మాటలన్నాను," అన్నాడు.

బావగారు చిరునవ్వుతో తలాడించాడు. అన్నిటికీ అలాగే తలాడిస్తున్నాడు.

"ఇప్పుడేం చెప్పినా ఆయనకి సగమే ఎక్కుతుందిరా తమ్ముడూ," అంది అక్క. "ఆయనకి చప్పుడంటే చచ్చే చిరాకు. ఇంట్లో నేను మిక్సీ వేస్తే వీధి చివరిదాకా నడిచి వస్తారు. మనింట్లో విందులు పెట్టకపోవడానికి సగం కారణం అదే. ఈ సెలవులన్నీ నీ పక్కింటివాళ్లని తేల్చుకోవడానికి గోల చేయిస్తూ, ఈయన చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నారు. నీ బూర మొదలయ్యాక ఇంకాస్త కుక్కుకున్నారు."

బావమరిది తేరిపార చూశాడు. నిజమే. రెండు చెవుల్లోనూ తెల్లగా దూది.

అతను ట్రంపెట్ ఎత్తి రెండో పాట మొదలుపెట్టాడు. అది చూసి బావగారు కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుని, బావమరిది కష్టపడి ఊదుతుంటే ఇలా వినడం మర్యాద కాదనుకున్నాడో ఏమో, రెండు చెవుల్లోంచీ దూది తీసి జేబులో వేసుకున్నాడు. పాట సగంలోకి వచ్చింది. బావమరిది ఎప్పుడూ ఆగిపోయే చోటే అది. ఈసారి ఆగలేదు. దారి దొరక్కపోయినా, పడుతూ లేస్తూ, కనపడ్డ స్వరాన్నల్లా గుద్దుకుంటూ ముందుకే పోయాడు. మేస్త్రి కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నాడు.

బావగారు కాసేపు పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాడు. ఇక లాభం లేక మెల్లిగా జేబులో చెయ్యి పెట్టి దూది బయటికి తీశాడు. ఒక్క చెవిలోనే పెట్టుకుని, రెండో చెవి మాత్రం బావమరిది వైపే ఉంచాడు.